గెర్టీకి న్యాయం తెలియదు

హార్లన్, సెప్టెంబరు 9

అమ్మమ్మా,

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం ఒకటే. నిన్న స్టాటిస్టిక్స్ క్లాసులో నిన్ను అడక్కుండా గెర్టీ పేరు ఇచ్చేశాను. ఆ మాట ఇంకెవరి నోటి ద్వారానో నీకు చేరకముందే నేనే చెప్పాలి. ఫోన్‌లో చెబుదామంటే నీ చెవి మిషను ఈల వేస్తుంది, నువ్వు "సరే సరే" అని పెట్టేస్తావు. దేనికి సరే అన్నావో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

సంగతి ఇది. పోయినసారి ఈ క్లాసు తప్పాను కదా. ఇది రెండోసారి. మూడోసారి ఇవ్వరు. ఇది పాసైతేనే జనవరిలో నర్సింగులో నా సీటు ఉంటుంది, లేకపోతే ఫ్యాక్టరీలో అమ్మ పక్కన నిలబడి చీజ్ పెట్టెలకు చీటీలు అతికించడమే. అమ్మ పని తక్కువని అనను. కానీ మన ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనొక్కదాన్నే, అదీ సగం మెట్టు మీద జారితే ఆరిన్ తాత జన్మంతా దెప్పుతాడు.

మార్కుల్లో సగం ఒక ప్రాజెక్టుకి. రోజూ కళ్లముందు జరిగేది ఏదైనా తీసుకుని లెక్కపెట్టాలి. నా పక్క అమ్మాయి బస్సు ఎంత ఆలస్యమవుతుందో రాస్తోంది. వెనక అబ్బాయి రంగు మిఠాయిలు లెక్కపెట్టి తినేస్తున్నాడు. నాకేమీ తోచలేదు. ట్రెంబ్లే మేడం నా దగ్గరికొచ్చి, "మీ ఊళ్లో జనం దేనిమీద పందేలు కాస్తారమ్మా?" అని అడిగారు. నోట్లోంచి వచ్చేసింది.

"ఆవు పేడ మీద, మేడం."

ఆవిడ పట్నం మనిషి. మొత్తం వివరించాల్సి వచ్చింది. పంట విందు రోజు చర్చి వెనక మైదానంలో సున్నంతో గడులు గీస్తాం, గడికో చీటీ అమ్ముతాం, ఆవును వదులుతాం, అది మొదట ఏ గడిలో పేడ వేస్తే ఆ చీటీ వాళ్లకి బహుమతి, మిగతాది చర్చి కప్పు మరమ్మతుకి.

"నిజంగానా?" అన్నారు.

"నిజంగానే. ఆవు మా అమ్మమ్మదే."

ఆవిడ ఆవు పేరు అడిగి బోర్డు మీద రాసి, "మరి అన్ని గడులకీ గెలిచే అవకాశం సమానమేనా?" అన్నారు. అదే నా ప్రాజెక్టు.

నువ్వు చేయాల్సింది కొంచెమే. కొట్టం పక్క చిన్న దొడ్డిలో మూడు వరుసలు, వరుసకి నాలుగు చొప్పున పన్నెండు గడులు గీయించు. రోజూ గెర్టీని కాసేపు అందులో వదులు. ఏ గడిలో ఎన్ని పడ్డాయో రాసుకో. మొత్తం అరవై అయ్యాక నాకు పంపు. నేను వద్దామంటే శని, ఆదివారాలు వృద్ధాశ్రమం వంటింట్లో గిన్నెలు తోమే పని ఉంది, సెలవివ్వరు.

అన్ని గడులకీ సమాన హక్కు ఉందన్నది మనం ముందుగా పెట్టుకునే ఊహ. ఆ ఊహ నిలబడితే చాలమ్మమ్మా, నా ప్రాజెక్టు నిలబడినట్టే.

నీ
లినెయా

తా.క. గెర్టీకి చెప్పు, కాలేజీలో తన పేరు బోర్డు మీద రాశారని.

నార్డల్, సెప్టెంబరు 16

లినెయా తల్లీ,

నీ ఉత్తరం అందింది. కాలేజీలో గెర్టీ పేరు బోర్డెక్కిందని ఆరిన్‌కి చదివి వినిపిస్తే, "అరవై ఏడేళ్లొచ్చాయి, నా పేరు ఒక్క గోడ మీద కూడా రాలేదు" అని ముఖం మాడ్చుకున్నాడు. నా తమ్ముడు కాబట్టి ఊరుకున్నాను. అయినా గడులు వాడే గీశాడు. సున్నం, తాడు, నాలుగు మేకులు. గీతలు వంకరొచ్చాయంటే, "ఆవుకి కనపడదులే అక్కా" అన్నాడు. చెరిపించి మళ్లీ గీయించాను. నీ చదువు విషయంలో వంకర గీతలు పనికిరావు.

పని మొదలుపెట్టాను. కానీ ముందే చెబుతున్నాను, గెర్టీకి న్యాయం తెలియదు. ముసలి జెర్సీ ఆవు, దాని ఇష్టం దానిది. దొడ్డి తలుపు దగ్గర నాలుగో గడి ఉంది చూడు, అక్కడే నిలబడుతుంది. ఆ తలుపు అవతల పక్కింటివాళ్ల ఆపిల్ చెట్టు. ఒక పండు రాలితే దీని చెవి అటు తిరుగుతుంది. మూడు రోజులుగా ఆ మూలే, ఆ మూలే. తొమ్మిదో గడివైపు కన్నెత్తి చూడలేదు. తొమ్మిదో గడి ఏం పాపం చేసింది?

నువ్వు సమాన హక్కు అని రాశావు. నాకది నచ్చింది. మన చర్చి భోజనాల్లో ఎప్పుడైనా ఒకరు రెండు ముక్కలు తీసుకుని ఇంకొకరికి లేకుండా చేశారా? పళ్లెంలో చివరి ముక్క చల్లారి రాయైపోతుంది గానీ ఎవరూ ముట్టరు. మనుషులకున్న మర్యాద ఆవుకెందుకు ఉండకూడదు?

మొన్న బుధవారం భోజనాల్లో బంగాళదుంప ఉండలు చేశాం. మనిషికి సగటున ఐదు అయ్యాయని లెక్క తేలింది. నేను తిన్నది రెండు. నాతో కూర్చున్నవాళ్లూ రెండు, మూడు. ఎవరు తిన్నారు ఐదు? ఈ సగటు అనేది ఎవరో చెప్పు, కనుక్కుంటాను.

కోడిపెట్టల్లో ఎర్రది గుడ్లు మానేసింది. మీ అమ్మ బాగానే ఉంది, మోకాలు నొప్పి ఉంది కానీ ఒప్పుకోదు.

అమ్మమ్మ ఆర్డిస్

హార్లన్, సెప్టెంబరు 24

అమ్మమ్మా,

సగటు మనిషి కాదు. ఆ రోజు ఆరిన్ తాత వచ్చాడా? వస్తే ఆ ఐదెవరివో నేను ఇక్కడినుంచే చెప్పగలను. పదిమంది కూర్చుంటే తొమ్మిదిమంది మూడేసి తిన్నారనుకో, ఆయన ఒక్కడే ఇరవై మూడు లాగించాడనుకో. మొత్తం యాభై. పదిమందికి పంచితే తలా ఐదు. ఐదు తిన్నవాళ్లు ఆ బల్ల దగ్గర ఒక్కరూ లేరు, అయినా సగటు ఐదే. అందుకే మేడం, "సగటు చెప్పినవాణ్ణి నమ్మకండి, పక్కన ఎవరు కూర్చున్నారో అడగండి" అంటారు. అందరినీ తిన్న లెక్క ప్రకారం వరుసగా నిలబెట్టి మధ్యలో మనిషిని అడిగితే మూడు అంటాడు. దాన్ని మధ్యగతం అంటారు. మన భోజనాలకు అదే నిజానికి దగ్గర.

ఇక్కడ రాత్రిళ్లు నేనూ, నా గది అమ్మాయి పౌలా కలిసి కార్డులు పెట్టుకుని లెక్కలు చేస్తున్నాం. తన సాక్సులు నలుపువి ఆరు, తెలుపువి నాలుగు కలిపి సంచిలో వేసి, చూడకుండా రెండు తీస్తే జత కలిసే అవకాశం ఎంతో కట్టాం. సగానికంటే కొంచెం తక్కువ వచ్చింది. పొద్దున్న ఆమె కాళ్లు చూస్తే లెక్క సరిపోయింది.

ఇంకో సంగతి నేర్చుకున్నాం. నాణేనికి జ్ఞాపకం ఉండదు. ఇప్పుడు బొమ్మ పడిందని తర్వాత బొరుసు పడాలని దానికేమీ పట్టదు. గెర్టీ కూడా అలాగే అనుకుని లెక్క మొదలుపెడతాం.

తొమ్మిదో గడి గురించి బెంగపడకు. ఇంకా మొదటి వారమే. అరవై అయ్యేసరికి అన్నీ సర్దుకుంటాయి. అక్టోబరు పదికల్లా పంపగలవా?

అమ్మ మోకాలికి వేడి నీళ్ల సంచి పెట్టమను. వద్దంటుంది. అయినా పెట్టు.

లినెయా

నార్డల్, అక్టోబరు 8

లినెయా తల్లీ,

గెర్టీకి జ్ఞాపకం లేదని ఎవరన్నారు? పోయినేడు సూది వేసిన పశువుల డాక్టరు బండి మలుపు తిరగ్గానే కొట్టంలో దాక్కుంటుంది. మీ మేడంకి చెప్పు.

అరవై అయ్యాయి. నువ్వన్నట్టే అన్నీ సర్దుకున్నాయి. ప్రతి గడిలోనూ ఐదు. ఒకటో గడి ఐదు, రెండో గడి ఐదు, ఇలా పన్నెండు దాకా. తొమ్మిదో గడి కూడా ఐదు. మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను, ఆరిన్ చేత కూడా లెక్కపెట్టించాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు, ఎందుకని అడిగితే చెప్పలేదు. వాడి సంగతి నీకు తెలుసు కదా.

నా నడుం పట్టేసింది. అయినా నీ ఊహ నిలబడింది కాబట్టి ఫర్వాలేదు.

శనివారం పంట విందు బాగా జరిగింది. గెర్టీ మైదానంలో నిలబడి ఊరంతటినీ చూస్తూ, పియానో వాయించే ఆవిడ చేతులు నొప్పి పుట్టేదాకా ఏమీ చేయలేదు. చివరికి చేసింది. పాస్టరుగారి గడిలో. ఆయన ముఖం ఎర్రబడి బహుమతి మళ్లీ చర్చి కప్పు మరమ్మతుకే ఇచ్చేశాడు. వెనక ఎవరో, "పైవాడి మనిషికి పైవాడే ఇచ్చాడు" అన్నారు. మనవాళ్లు నవ్వకూడదని ఎంత కష్టపడ్డారో చూడాల్సింది.

అమ్మమ్మ

హార్లన్, అక్టోబరు 13

అమ్మమ్మా,

ఇంత చక్కటి లెక్క క్లాసులో ఎవరికీ రాలేదు. మనం అనుకున్నదానికీ జరిగినదానికీ ఎంత తేడా ఉందో కొలిచే ఒక సూత్రం ఉంది. అందరికీ ఏవేవో అంకెలు వచ్చాయి. నాకు సున్నా. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ సున్నా. పౌలా నమ్మలేక తనే చేసింది, సున్నా.

రాత్రి కూర్చుని శుభ్రంగా రాసి పొద్దున్నే ఇచ్చేశాను. చివరి వాక్యం ఇలా రాశాను: "కాబట్టి అన్ని గడులకీ అవకాశం సమానమని రుజువైంది." ఇంత ధైర్యంగా నేను ఇంతవరకూ ఏ కాగితం మీదా రాయలేదు.

నడుముకి మందు రాసుకో. పేడ లెక్కపెట్టడానికి నడుం పట్టేయడమేమిటి? వంగి వంగి చూశావా?

లినెయా

హార్లన్, అక్టోబరు 27

అమ్మమ్మా,

ఈ ఉత్తరం రెండుసార్లు చింపి మళ్లీ రాస్తున్నాను.

ప్రాజెక్టు వెనక్కిచ్చారు. మార్కు లేదు. పైన "వచ్చి కలవండి" అని ఉంది. మెచ్చుకోవడానికేమో అనుకుని వెళ్లాను. ట్రెంబ్లే మేడం తలుపు వేశారు.

"లినెయా, ఈ అంకెలు ఎక్కడివి?"

"మా అమ్మమ్మ పంపింది, మేడం."

"మీ గెర్టీ సైన్యంలో పనిచేసిందా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ కాగితం తిప్పి లెక్క చూపించారు. అన్ని గడులూ నిజంగానే సమానమైనా సరే, అరవై పేడకళ్లు పన్నెండు గడుల్లో సరిగ్గా ఐదేసి పడటమనేది, ఇదే పని ఆరు కోట్లసార్లు చేస్తే ఒక్కసారి జరుగుతుందట. "నిజం ఎప్పుడూ కాస్త చిందరవందరగా ఉంటుంది. సున్నా వచ్చిందంటే నాకు కనపడేది ఆవు కాదు, మనిషి" అన్నారు.

"నేను కల్పించలేదు, మేడం."

"అనలేదు. కానీ ఎవరో కల్పించారు." తర్వాత ఆవిడ అన్న మాట నాకు పోవడం లేదు. "రేపు వార్డులో రోగి జ్వరం కూడా ఇలాగే నున్నగా రాస్తావా?"

నవంబరు ఇరవైన ముగ్గురు అధ్యాపకుల ముందు నేను సమాధానం చెప్పుకోవాలి. కల్పించానని తేలితే ఈ క్లాసు పోతుంది, క్లాసుతో పాటు సీటు పోతుంది. అబద్ధపు లెక్క రాసినదాన్ని నర్సింగులోకి ఇంకెక్కడా తీసుకోరు.

నీ మీద నాకు అనుమానం లేదు. ఒక్కటి అడుగుతున్నాను. దొడ్డిలో ఏం జరిగిందో జరిగినట్టు రాయి. నవంబరు మూడుకల్లా నాకు అందాలి.

లినెయా

నార్డల్, అక్టోబరు 30

లినెయా,

నన్ను దొంగ అంటోందా ఆవిడ? ఈ ఊళ్లో నా చేతి లెక్కను ఎవరైనా తిరగేసి చూశారా? చర్చి వంటింట్లో ఎన్ని పళ్లాలు వెళ్లాయో, ఎన్ని వచ్చాయో నేను చెబితే అదే మాట. ఐదు అంటే ఐదే. నేను చూసినప్పుడు ప్రతి గడిలోనూ ఐదు ఉన్నాయి, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. వచ్చి చూసుకోమను. ఇప్పుడు ఎండిపోయి ఉంటాయనుకో.

మీ మేడంకి వేరే ఉత్తరం రాసి పంపేశాను. నీకు తెలియాలని అందులో ఏముందో ఇక్కడ రాస్తున్నాను.

"అమ్మా, నా మనవరాలు నిజాయితీ గల పిల్ల. మా ఇంట్లో ఏదైనా సమానంగానే తేలుతుంది, ఎగుడుదిగుడు మేం ఒప్పుకోం. ఆవు ఎంత మొండిదైనా నేను దగ్గరుండి సరిదిద్దించాను. ఇంతకంటే శ్రద్ధగా ఎవరూ చేసి ఉండరు. మా దగ్గరి చీజ్ ఒక ముద్ద పంపుతున్నాను. ఆర్డిస్."

దీంతో ఆవిడ నోరు మూతపడాలి.

ఊళ్లో మాత్రం ఆరిన్ పోస్టాఫీసులో వాగి వచ్చాడు. నిన్ను కోర్టుకి ఈడుస్తున్నారని ఇప్పుడు అందరూ అనుకుంటున్నారు. నీకోసం ప్రార్థన చేశారు. నాలుగు రకాల కేకులు మన ఇంటికి వచ్చాయి. చావు జరిగిన ఇంటికి తెచ్చినట్టు తెచ్చి, గుమ్మంలో మెల్లగా మాట్లాడి వెళ్లారు. నేను చెవి మిషను తీసేసి కూర్చున్నాను.

అమ్మమ్మ

హార్లన్, నవంబరు 4

అమ్మమ్మా,

నీ ఉత్తరం మేడంకి అందింది. ఆవిడ నాకు చూపించారు. "సరిదిద్దించాను" అన్న మాట కింద ఎర్రగీత ఉంది. చీజ్ తీసుకోవడానికి వీల్లేదట, విచారణ పూర్తయ్యేదాకా ఆఫీసు ఫ్రిజ్‌లో నా పేరుతో ఉంది. అధ్యాపకులందరూ కాఫీలో పాలు తీసుకోవడానికి వచ్చి దాన్ని చూస్తున్నారు.

సరిదిద్దించడం అంటే ఏమిటి, అమ్మమ్మా? నాకు కోపం లేదు. నిజంగా లేదు. తెలియాలి, అంతే.

చెప్పేముందు ఒక పని చెయ్. నీకు పదిహేను నిమిషాలు పడుతుంది. ఒక కాగితం తీసుకుని, నాణెం ఎగరేశాననుకుని ఊహించుకుంటూ ఇరవైసార్లు బొమ్మా బొరుసూ రాయి. నాణెం ముట్టుకోకూడదు, బుర్రలోంచి రాయాలి. ఆ తర్వాత నిజంగా నాణెం తీసుకుని ఇరవైసార్లు ఎగరేసి, పడింది పడినట్టు పక్కన రాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఏది నున్నగా ఉంది, ఏది గరుగ్గా ఉంది?

మేమంతా క్లాసులో ఇది చేశాం. మేడం గది బయటికి వెళ్లి వచ్చి, ఏది ఎగరేసిందో ఏది కల్పించిందో ప్రతి కాగితానికీ చెప్పేశారు. పౌలా కాగితం చూసి, "నీ నాణెం మరీ మర్యాదస్తురాలు" అన్నారు. అప్పుడు నేనూ నవ్వాను. నా కాగితం మీద పన్నెండు ఐదులు ఉన్నప్పుడు మాత్రం నాకది తట్టలేదు.

అవకాశం సమానమంటే వాటా సమానమని కాదు. చీటీలు తీసేటప్పుడు అందరి చీటీలూ ఒకే డబ్బాలో ఉండటం సమానత్వం. అందరికీ బహుమతి రావడం కాదు.

గెర్టీని మళ్లీ ఆ దొడ్డిలో వదలమని అడగాలని ఉంది. అడగనా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. ముందు జరిగింది రాయి.

లినెయా

నార్డల్, నవంబరు 14

లినెయా తల్లీ,

ఈ ఉత్తరం ఆలస్యమైంది. పని మధ్యలో ఆపి రాయలేకపోయాను.

మొదట నాణెం. బుర్రలోంచి రాసినదాంట్లో బొమ్మ, బొరుసు, బొమ్మ, బొరుసు, మధ్యలో ఎక్కడో రెండు బొమ్మలు, వెంటనే తప్పుచేసినట్టనిపించి రెండు బొరుసులు. వంతులవారీగా వడ్డించినట్టుంది. నిజంగా ఎగరేస్తే వరసగా ఐదు బొరుసులు పడ్డాయి. ఆరిన్ ఆ నాణెం పళ్లతో కొరికి, "అక్కా, ఇది దొంగ నాణెం" అన్నాడు. ఇంకో నాణెం తెచ్చాడు. దానికి నాలుగు బొమ్మలు వరసగా. వాడు జేబులో నాణేలన్నీ ఎగరేసి చూశాడు. ఒక్కదానికీ మర్యాద లేదు.

అప్పుడు నాకు అర్థమైంది నేనేం చేశానో.

తల్లీ, నేను పార వాడాను.

మొదటి వారం గెర్టీ అంతా తలుపు దగ్గరే వేసింది. నాలుగో గడి నిండిపోయింది, తొమ్మిదో గడి బోసిగా ఉంది. నువ్వేమో ఊహ నిలబడితే చాలు అని రాశావు. పోయినసారి నువ్వు తెచ్చిన మార్కుల కాగితం నాకు గుర్తుంది. ఒకచోట తొంభై, ఒకచోట ముప్పై, కొండా లోయా. దాని చివర "తప్పింది" అని ఉంది. ఈసారి నా చేతిమీదుగా వెళ్లే కాగితం మీద ఎగుడుదిగుడు ఉండకూడదనుకున్నాను. అందుకని నాలుగో గడిలో ఐదు దాటినవన్నీ పారతో ఎత్తి, లేని గడుల్లో వేశాను. పగలగొట్టకుండా, జాగ్రత్తగా. అబద్ధం రాయలేదు. రాసే సమయానికి అవి అక్కడే ఉన్నాయి. నడుం అందుకే పట్టేసింది. ఆరిన్ కిటికీలోంచి చూసి నవ్వింది అందుకే.

నువ్వు అడగనా వద్దా అని రాశావు. నువ్వు అడిగేదాకా ఆగలేదు. ఉత్తరం అందిన రోజే ఆరిన్ చేత గడులు మళ్లీ గీయించాను. ఈసారి గెర్టీని పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా దొడ్డిలోనే ఉంచాం. నేను బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నాను, చేతులు ఏప్రన్ జేబుల్లో పెట్టుకుని. పార ఆరిన్ తన ఇంట్లో పెట్టి తాళం వేశాడు. "నీ మీద నమ్మకం లేదక్కా" అన్నాడు. నాకూ లేదు.

ఎంత కష్టమో నీకు తెలియదు. గెర్టీ నాలుగో గడిలో నిలబడి నా వైపు చూసి వేసేది. ఒకసారి లేచాను కూడా. ఆరిన్ గొంతు చించుకుని, "కూర్చో" అని అరిచాడు. మిషను లేకుండానే వినిపించింది. రెండో రోజు మంచు పడింది. తెల్లటి మంచు మీద పొగలు కక్కుతూ పడేవి, వెతుక్కోనక్కర్లేదు.

అంకెలు వేరే కాగితం మీద రాశాను, కింద నేనూ ఆరినూ సంతకాలు చేశాం. ఈసారీ మొత్తం అరవై, అందులో నాలుగో గడిలో ఇరవై ఒకటి. దాని పక్కవాటిలో కూడా బాగానే. ఐదు, ఆరు, తొమ్మిది, పది గడుల్లో ఒక్కటీ లేదు. చూడటానికి సిగ్గుగా ఉంది. చర్చి భోజనాల్లో ఇలా వడ్డిస్తే నన్ను వంటింట్లోంచి తరిమేస్తారు. అయినా పంపుతున్నాను.

పార సంగతి కూడా సంతకంతో రాసి పెట్టాను. మీ ముగ్గురు అధ్యాపకులకీ చూపించు. ఊళ్లో తెలిస్తే తెలియనీ.

ఆర్డిస్

హార్లన్, నవంబరు 21

అమ్మమ్మా,

నిన్న జరిగింది వరుసగా రాస్తాను.

ముగ్గురూ పొడవాటి బల్ల వెనక కూర్చున్నారు. నేను నీ కాగితాలు ఇచ్చాను. మధ్యలో పెద్దాయన పైకి చదివారు. "నేను పార వాడాను" అన్నచోట ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, "పగలగొట్టకుండా, జాగ్రత్తగా" దాకా వచ్చేసరికి చదవలేక కాగితం పక్కాయనకి ఇచ్చేశారు. ట్రెంబ్లే మేడం ఒక్కరే నవ్వలేదు.

"రెండో లెక్క ఎవరూ ముట్టుకోలేదని ఎలా నమ్మాలి?" అని అడిగారు.

"చూడండి మేడం. ఎంత అసహ్యంగా ఉందో."

అప్పుడు నవ్వారు.

నేను కొత్త లెక్క బోర్డు మీద చేసి చూపించాను. ఈసారి తేడా సున్నా కాదు, పెద్ద అంకె వచ్చింది. గడులన్నీ సమానమైతే ఇంత తేడా రావడం దాదాపు జరగని పని. అంటే నేను పెట్టుకున్న ఊహ నిలబడలేదు, పడిపోయింది. పడిపోయినందుకే నా ప్రాజెక్టు నిలబడింది. మొదటిది లెక్కలోంచి తీసేశారు, రెండోదానికి మార్కు వేశారు. కల్పించిందన్న మాట కొట్టేశారు. ఆఖరి పరీక్షలో మరీ చెడగొట్టుకుంటే తప్ప క్లాసు పాసైనట్టే, సీటు నాదే. అమ్మకి నువ్వే చెప్పు. ఫోన్‌లో నేను చెబితే ఏడుస్తుంది, తర్వాత నేనూ ఏడుస్తాను.

బయటికొచ్చాక మేడం నన్ను ఆపారు. నీ గురించి చెడుగా ఏమీ అనలేదు. "తప్పు మీ అమ్మమ్మది కాదు, ఆవుది అసలే కాదు. నీ మొదటి ఉత్తరంలో ఏం రాశావో గుర్తుందా?" అన్నారు. ఆవిడకి అన్నీ చెప్పాను కదా. "ఊహ నిలబడితే చాలు అని రాశావు. కొలిచే మనిషికి నీకేం కావాలో ముందే చెప్పేశావు. ప్రేమించే మనిషికైతే అసలే చెప్పకూడదు. రోగుల దగ్గర కూడా అంతే. నొప్పి తగ్గింది కదూ అని అడిగితే తగ్గిందనే అంటారు. ఎలా ఉంది అని అడుగు."

రాత్రంతా ఆ మాటే నా చెవిలో ఉంది. ఇన్నాళ్లూ నిన్ను నేను ఏదీ ఊరికే అడగలేదు. నాకేం కావాలో చెప్పి, సరేనా అని అడిగాను. నువ్వు ప్రతిసారీ సరే అని చేసి పెట్టావు, నడుం పట్టేసినా.

అందుకని ఇప్పుడు ఒకటి ఊరికే అడుగుతున్నాను. వచ్చే ఏడాది పిల్లలకి మొదటి రోజు క్లాసులో ఈ కథ చెబుతామని మేడం అంటున్నారు, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి, పారతో సహా. నీ పేరూ గెర్టీ పేరూ ఉన్నవి ఉన్నట్టు పెట్టొచ్చు. మార్చి వేరే పేర్లు పెట్టొచ్చు. అసలు వద్దనొచ్చు. మూడింటిలో ఏదైనా సరే, నా మార్కు మారదు, సీటు మారదు. అది మేడంని రెండుసార్లు అడిగి కనుక్కున్నాను.

డిసెంబరు ఒకటికల్లా నీ జవాబు నాకు అందాలి. ఆరిన్ తాతని అడక్కు, పాస్టరుగారిని అడక్కు. నాకు మూడింటిలో ఏది ఇష్టమో ఈ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, వెతక్కు. రాస్తే నువ్వు మళ్లీ పార తీస్తావు.

నీ
లినెయా